గాజు వెనుక చేప, గాజు ముందు మనిషి



మా మనుమరాలి పుట్టినరోజున ఇంట్లో ఒక చేపల తొట్టె వెలసింది. రెండడుగుల గాజుతొట్టె, అందులో ఎనిమిది నియాన్ టెట్రాలు. వాటి ఫొటోలు తీసి అమెరికాలో ఉన్న మామయ్యకు పంపమని పిల్ల పేచీ పెట్టింది. పంతులుగారి చేతికి ఫోను ఇచ్చారు కదా, ఇరవై ముప్ఫై తీశాను. అన్నింటిలోనూ నా తెల్లచొక్కా, నా కళ్ళజోడు, నా వెనుకనున్న కిటికీ ఊచలు స్పష్టంగా పడ్డాయి. చేపలు మాత్రం ఎర్రని గీతలూ నీలపు గీతలూ అయి అలుక్కుపోయాయి. అది చూసి పిల్ల, "తాతయ్యా, నిన్ను కాదు, చేపల్ని తియ్యి" అంది.

ఆ మాట నన్ను చాలా దూరం తీసుకువెళ్ళింది. మొదట 1987కు, ఆ తరువాత అంతకు ఎన్నో ఏళ్ళ వెనక్కు.

1987లో నేను శ్రీకాకుళం జిల్లా తీరగ్రామమొకదానిలో తెలుగు పండితుణ్ణి. ఎనిమిదవ తరగతికి వర్ణన నేర్పుదామని, సైన్సు గదిలో ఫార్మలిన్ సీసాలో ఉన్న చేపను తెచ్చి బల్లమీద పెట్టి, "దీనిని చూచి వర్ణించండి" అన్నాను. పిల్లలందరూ పాలిపోయిన తెలుపనీ బూడిదరంగనీ వ్రాశారు. జాలరిపేటనుంచి వచ్చే ఒక పిల్లవాడు మాత్రం, అది కానాగుర్త అనీ, దాని వెన్ను నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగనీ, పక్కల బంగారు గీతలుంటాయనీ వ్రాశాడు. నేను ఎర్రసిరాతో కొట్టివేసి, "కంటితో చూచి వ్రాయుము" అని పక్కన వ్రాశాను. వాడు లేచి, "మేస్టారూ, ఇది సచ్చిన సేప రంగండి. బతికున్నప్పుడు ఇలాగుండదండి" అన్నాడు. కూర్చోమన్నాను.

కానాగుర్త కథ మన తీరానికి కొత్తది కాదు. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఆ తీరపు చేపలను సేకరించి బొమ్మలు వేయించాడు. రెండు వందల చేపల బొమ్మలతో ఆయన గ్రంథం 1803లో లండనులో రెండు సంపుటాలుగా వెలువడింది. ప్రతి చేపకూ ఇంగ్లీషు పేరు వెదుక్కోకుండా, ఇక్కడివాళ్ళు పిలిచే తెలుగు పేర్లనే రోమను లిపిలో అచ్చు వేయించాడు. ఆ పుస్తకాన్ని ఆధారం చేసుకుని 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఈ చేపకు శాస్త్రీయనామం పెట్టినప్పుడు మన కానాగుర్త లాటిన్‌లోకి ఎక్కింది. నేటికీ దాని పేరు రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. మన జాలరి నోటిమాటకు ప్రపంచంలోని మత్స్యశాస్త్రజ్ఞులందరూ తలవంచారు. నేను మాత్రం అదే మాటను ఎర్రసిరాతో కొట్టివేశాను.

అయితే ఆ రోజుల్లో పేరు అందినంత తేలికగా రంగు గ్రంథాలకు అందలేదు. చేప రంగులో కొంత భాగం చర్మంలోని రంగుకణాలది, కొంత భాగం వెలుగును అద్దంలా తిప్పికొట్టే పలుచని స్ఫటికాలది. ప్రాణముండగా రంగుకణాలు నాడుల అదుపులో విచ్చుకొని ముడుచుకుంటాయి. ప్రాణం పోగానే ఆ అదుపు పోతుంది, రంగు మారిపోతుంది. ఫార్మలిన్ మిగిలినదాన్ని కూడా కడిగివేస్తుంది. నీటినుంచి అప్పుడే తీసిన కానాగుర్త మీద బంగారు రంగులో కనిపించే గీతలు కొంతసేపటికి నల్లబడేది అందువల్లనే. చచ్చిన చేపను ముందు పెట్టుకొని చిత్రించేవాడికి ఎంత నైపుణ్యమున్నా, తెరచాప దించకముందే జాలరి చూచిన రంగు కనబడదు.

బ్రతికిన చేపను పక్కనుంచి తీరికగా చూసే అవకాశం నగరవాసులకు గాజుతొట్టెతో వచ్చింది. లండనులోని రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాలలో 1853లో చేపల కోసం ప్రత్యేకంగా ఒక గాజుమందిరం తెరిచారు. మరుసటి యేడు ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథంతో అక్వేరియం అన్న మాట ఇంటింటి మాటయింది. అప్పటికే ఛాయాచిత్రకళ పుట్టి పదిహేనేళ్ళు. అయినా గాస్ గ్రంథంలోని రంగురంగుల పుటలు చేతితో గీసి అచ్చువేసినవే. గాజు ఉంది, చేప ఉంది, కెమెరా ఉంది. మరి బొమ్మ ఎందుకు రాలేదు?

కారణాలు నాలుగు. మొదటిది వెలుగు. ఆనాటి తడి ఫలకం మీద బొమ్మ పడాలంటే ఎండలోనే సెకన్లు పట్టేది. నీరు, గాజు కలిసి ఉన్న వెలుగులో కొంత మింగివేస్తాయి. రెండవది చలనం; చేప అన్ని సెకన్లు కదలకుండా నిలవదు. మూడవది వక్రీభవనం. గాజుకు నిటారుగా కాక ఏటవాలుగా చూస్తే కిరణాలు వంగి, అంచులు చెదిరి, రంగులు విడిపోతాయి. నాలుగవది ప్రతిబింబం. చూసేవాడి వైపు వెలుగుంటే గాజు అద్దమై వాడినే వాడికి చూపిస్తుంది. మొదటి మూడూ కాలక్రమాన యంత్రాలవల్ల, అభ్యాసంవల్ల లొంగాయి. నాలుగవది మాత్రం యంత్రంతో లొంగేది కాదు.

కొందరు గాజును తప్పించుకొని సముద్రంలోకే కెమెరాను దింపారు. 1856లో విలియం థాంప్సన్ ఇంగ్లండులోని వేమత్ తీరాన పెట్టెలో కెమెరాను పెట్టి అడుగుకు దింపితే, పెట్టెలోకి నీరు చేరినా ఒక మసకబొమ్మ దక్కింది. 1893లో లూయీ బుటాన్ ఫ్రాన్సులోని బాన్యుల్స్ వద్ద తానే మునిగి ఛాయాచిత్రాలు తీశాడు. గాజుతొట్టెనే నమ్ముకున్నవారు మరొక దారిన నడిచారు. శతాబ్దం మారే వేళకు పొడిఫలకాలు వేగవంతమైనాయి. 1902లో జోర్డన్, ఎవర్‌మన్ పండితులు అమెరికా చేపలపై వెలువరించిన గ్రంథంలో ఎ. ఆర్. డగ్‌మోర్ సజీవమత్స్యాలకు తీసిన ఛాయాచిత్రాలు చేర్చారు.

ఈ చరిత్రలో నా మనసును పట్టుకున్నవాడు ఫ్రాన్సిస్ వార్డ్. ఆంగ్లేయుడు. 1911లో చేపల జీవనంపై ఛాయాచిత్రాలతో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయన చేసిన ఏర్పాటు ఇది: తోటలో ఒక చెరువు త్రవ్వించాడు. దాని పక్కనే నేలలో ఒక గదిని కట్టించి, గదికీ చెరువుకూ మధ్య గోడలో దళసరి గాజుపలకను బిగించాడు. గదిలో చీకటి, చెరువులో పైనుంచి పడే ఆకాశపు వెలుగు. చీకటిలో కూర్చున్న మనిషికి నీటిలోని ప్రతి పొలుసూ కనబడుతుంది. చేప వైపునుంచి చూస్తే ఆ గాజు వట్టి అద్దమే. అక్కడ ఒక మనిషి ఉన్నాడని దానికి తెలియదు, కనుక బెదరదు.

ఇందులో ఉపాయం ఒక్కటే. చూడదలచినదాన్ని వెలుగులో పెట్టి, చూసేవాడు చీకటిలోకి తప్పుకోవడం. కెమెరా ఎంత గొప్పదైనా ఈ పని అది చేయలేదు, మనిషే చేయాలి. ఇంతచేసి ఆయన గ్రహించిన విషయాలలో ఒకటి మరీ చిత్రం. చేప వెండి పక్కలు చుట్టూ ఉన్న నీటి రంగునే అద్దంలా తిప్పి చూపుతాయనీ, తెల్లగా కొట్టవచ్చినట్లు కనబడవలసిన చేప నీటిలో ఉన్నప్పుడు కనబడకుండా పోవడానికి అదే కారణమనీ ఆయన చూపించాడు. బల్లమీద తెల్లగా ఉన్నది నీటిలో తెల్లగా ఉండదన్నమాట. మా పిల్లవాడు చెప్పినదానికి ఇంత సమీపమైన మాట నాకు పుస్తకాలలో మరొకటి కనబడలేదు.

రంగు బొమ్మ అందడానికి ఇంకొంత కాలం పట్టింది. 1926లో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ ఫ్లోరిడా దగ్గర నీటిపై తెప్పలో మెగ్నీషియం పొడిని మండించి, ఆ మెరుపులో నీటి అడుగున రంగుల ఛాయాచిత్రాలు తీశారు. నేషనల్ జియోగ్రాఫిక్ వాటిని 1927 జనవరిలో ప్రచురించింది. ఇంటి తొట్టెల వరకు చూస్తే ఫిలడెల్ఫియాకు చెందిన విలియం ఇన్నెస్‌ను తలుచుకోవాలి. వృత్తిచేత ముద్రాపకుడు. తానే ఛాయాచిత్రాలు తీసి, తానే అచ్చువేసి 1935లో అలంకారమత్స్యాలపై ఒక గ్రంథం వెలువరించాడు. ఆ మరుసటి యేడు అమెజాన్ ప్రాంతపు ఒక చిన్న చేపకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు. అదే మా మనుమరాలి తొట్టెలోని నియాన్ టెట్రా. ఒక చేప జాలరి మాటను మోస్తున్నది, మరొక చేప ఛాయాచిత్రకారుడి పేరును మోస్తున్నది.

ఇదంతా చదివిన సాయంత్రం మళ్ళీ ప్రయత్నించాను. గదిలో దీపాలార్పి, కిటికీ పరదాలు దించాను. తెల్లచొక్కా విప్పి, మా ఆవిడ నవ్వుతుండగా ముదురునీలం చొక్కా తొడుక్కున్నాను. గాజును లోపలా బయటా తుడిచి, నీటిలో లేచిన నలక అణిగేదాకా ఆగాము. తొట్టెపైన దీపం మాత్రం వెలుగుతోంది. ఫోను ఫ్లాష్ ఆపి, కటకాన్ని గాజుకు దాదాపు ఆనించి, నిటారుగా పట్టుకున్నాను. చేప వెంట ఫోనును త్రిప్పకుండా, అది వచ్చే చోటు చూసుకొని వేచి ఉన్నాను. పదకొండవ బొమ్మలో ఒక నియాన్ టెట్రా కనుపాప మొదలు తోక దాకా స్పష్టంగా వచ్చింది. నీలపు గీత నీలంగానే ఉంది. నా జాడ ఎక్కడా లేదు. "ఇప్పుడు తీశావు" అంది పిల్ల.

కానాగుర్తను ఇంటితొట్టెలో పెంచలేము. అది గుంపుగా బారులు తీరి సముద్రంలో ఈదవలసిన జీవి. కనుక ఆ రాత్రి అంతర్జాలంలో, సముద్రంలో దిగి ఎవరో తీసిన కానాగుర్తల గుంపును వెదికి చూశాను. నోళ్ళు పెద్దగా తెరుచుకొని నీటిని వడకడుతూ పోతున్నాయి. వెన్ను నీలం, ఆకుపచ్చ. పక్కల గీతలు ఎండలో బంగారంలా మెరుస్తున్నాయి.

ఆ పిల్లవాడు కంటితో చూచే వ్రాశాడు. చూడనివాణ్ణి నేనే. సీసాకూ వాడి మాటకూ నడుమ నేను నిలబడి, నా నీడనే చేప అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఇలా ఇంకెన్ని కొట్టివేశానో లెక్క తెలియదు. వాడికిప్పుడు యాభై దాటి ఉంటుంది. ఎక్కడున్నాడో తెలియదు. ఆ నోటుపుస్తకం ఏ పొయ్యిలోనో కాలిపోయి ఉంటుంది. ఆ వర్ణనకు పదికి పది మార్కులు ఇక్కడ వేస్తున్నాను.

సెలవు.