పసిబిడ్డ పాలూ అన్నమూ వద్దంటోందా? ఎప్పుడు ఆగి చూడొచ్చు, ఎప్పుడు 108కి ఫోన్ చేయాలి?

నిన్నటిదాకా సీసా చూడగానే చేతులు చాచిన బిడ్డ, ఇవాళ పీక పెదవులకు తగలగానే మొహం తిప్పేసుకుంటుంది. అన్నం గుజ్జు పెడితే నాలుకతో బయటికి నెట్టేస్తుంది. పళ్లొస్తున్నాయిలే అని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు, పాల డబ్బా మార్చి చూడమని మరొకరు సలహా ఇస్తారు. చాలాసార్లు ఇది రెండు మూడు రోజుల్లో సర్దుకునే సమస్యే. కానీ కొన్నిసార్లు పాలు మానేయడమే పెద్ద జబ్బుకు తొలి సంకేతం. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఏ ప్రభుత్వ సేవ ఎప్పుడు ఉపయోగపడుతుంది?

ముందు వయసు చూడండి

బిడ్డకు 2 నెలలు నిండకపోతే ఆగి చూడటం అనేదే ఉండకూడదు. ఈ వయసులో ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడొచ్చు కూడా. పాలు సరిగా తాగకపోవడం ఒక్కటే బయటికి కనిపించవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2 నెలలు దాటిన పిల్లల్లో కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి.

• చుక్క పాలు, నీళ్లు కూడా మింగలేకపోవడం
• తాగినదంతా కక్కేయడం
• ఫిట్స్ రావడం
• లేపినా లేవకుండా మత్తుగా పడి ఉండటం
• డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, లేదా ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకుమించి ఊపిరి పీల్చడం
• మాడు గుంట పడటం, కళ్లు లోపలికి పోవడం

ఇవేవీ లేకపోయినా, ఒక రోజంతా మామూలుగా తాగే దాంట్లో సగం కూడా తాగకపోతే అదే రోజు డాక్టరుకు చూపించాలి. 3 నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) చేరితే రాత్రయినా ఆగొద్దు.

తడి గుడ్డలు లెక్కపెట్టండి

ఎన్ని ముద్దలు తిన్నదనే లెక్క కంటే ఎన్నిసార్లు మూత్రం పోసిందనే లెక్క ముఖ్యం. పాలు సరిగా తాగే బిడ్డ రోజుకు 6 సార్లయినా గుడ్డ తడుపుతుంది. డైపర్ తడిని పీల్చేసుకోవడంతో ఈ లెక్క సరిగా తెలియదు. అందుకే అనుమానం ఉన్న రోజు మామూలు గుడ్డలే కట్టండి. 6 నుంచి 8 గంటలు గడిచినా గుడ్డ తడవకపోతే డాక్టరు దగ్గరికి బయలుదేరాల్సిందే.

ఆరు నెలలు దాటిన బిడ్డ అన్నం వద్దంటూ పాలు మాత్రం తాగుతూ, హుషారుగా ఆడుకుంటుంటే కొద్ది రోజులు ఓపిక పట్టొచ్చు. ఏడాది నిండేదాకా ప్రధాన ఆహారం పాలే. పాలూ, అన్నమూ రెండూ ఒకేసారి మానేసిందంటే మాత్రం నొప్పో, జబ్బో ఉందేమో వెతకాలి.

ఎందుకు మానేస్తారు?

నోరు: నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి మచ్చలుంటే అది ఫంగస్ కావచ్చు. నోట్లో పుండ్లతో పాటు అరచేతులు, అరికాళ్లపై పొక్కులుంటే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు కావచ్చు.

ముక్కు: దిబ్బడ ఉంటే చప్పరిస్తూ ఊపిరి పీల్చడం కష్టం. పాలు పట్టే ముందు సెలైన్ చుక్కలు వేస్తే తేలికవుతుంది.

చెవి: ఆకలిగా మొదలుపెట్టి, రెండు గుక్కలకే ఏడ్చి వదిలేస్తుంటే చెవి నొప్పి ఉందేమో చూపించాలి.

టీకా: 6, 10, 14 వారాల టీకాల తర్వాత ఒకటి రెండు రోజులు చిరాకుగా ఉండి పాలు తగ్గించొచ్చు.

సీసా, మనుషులు: పీక రంధ్రం మూసుకుపోవడం లేదా పెద్దదైపోవడం, పాల డబ్బా మార్చడం, అమ్మ ఉద్యోగానికి వెళ్లడంతో పాలు పట్టే మనిషి మారడం, ఇవన్నీ కారణాలే. ఒకసారి బలవంతంగా పట్టినా ఆ భయంతో సీసా చూస్తేనే ఏడుస్తారు.

పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్ల నొప్పితో తిండి తగ్గొచ్చు. కానీ ఎక్కువ జ్వరం, విరేచనాలు ఉంటే వాటిని పళ్ల ఖాతాలో వేయొద్దు.

ఇంట్లో ఏం చేయాలి?

తల్లిపాలు తాగే బిడ్డయితే అడిగినప్పుడల్లా ఇవ్వండి. సీసా వద్దంటే ఉగ్గుగిన్నెతోనో, చిన్న కప్పుతోనో, చెంచాతోనో ప్రయత్నించండి. బిడ్డను ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచు కింది పెదవికి తాకిస్తే తనే చప్పరిస్తుంది. పడుకోబెట్టి, ముక్కు మూసి పోయడం ప్రమాదం. పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వండి. టీవీ, ఫోన్ ఆపేయండి. తల తిప్పుకుంటే ఆపి, కాసేపయ్యాక మళ్లీ చూడండి. బిడ్డ తాగగా మిగిలిన డబ్బా పాలు మళ్లీ పట్టొద్దు. డబ్బాపై రాసిన కొలత కంటే పల్చగానో, చిక్కగానో కలపొద్దు. ఆరు నెలల లోపు విడిగా నీళ్లు, ఏడాది లోపు తేనె ఇవ్వొద్దు. డాక్టరు చెప్పకుండా ఆకలి సిరప్‌లు వాడొద్దు.

విరేచనాలు అవుతుంటే లీటరు ప్యాకెట్ ఓఆర్‌ఎస్‌ను సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఆరు నెలల లోపు బిడ్డయితే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఎవరిని అడగాలి?

104: అత్యవసరం కానప్పుడు ఫోన్‌లో వైద్య సలహా కోసం.

బస్తీ దవాఖానా, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం: పగటి వేళల్లో డాక్టరు ఉచితంగా చూస్తారు. అవసరమైతే పెద్దాసుపత్రికి రాసిస్తారు.

ఆశా కార్యకర్త: 3, 6, 9, 12, 15 నెలల వయసులో ఇంటికొచ్చి ఎదుగుదలను, తిండిని చూడటం ఆమె విధుల్లో భాగం. రాకపోతే ఆరోగ్య కేంద్రంలో అడగొచ్చు.

అంగన్‌వాడీ: ఇది పేదలకే అనుకోవద్దు. ఆ పరిధిలోని ఆరేళ్లలోపు పిల్లలందరికీ సేవలు అందుతాయి. నెలనెలా బరువు తూచి చార్టులో గుర్తిస్తారు. ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు. ఆరు నెలలు దాటిన బిడ్డ దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం. అలాంటి పిల్లలకు పౌష్టికాహార పునరావాస కేంద్రాల్లో ఉంచి వైద్యం చేస్తారు.

ఖర్చు: జననీ శిశు సురక్షా కార్యక్రమాన్ని 2014లో విస్తరించారు. దాని కింద ఏడాదిలోపు బిడ్డ జబ్బు పడితే ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. డబ్బులు అడిగితే ఈ పథకం పేరు చెప్పండి.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి

తల్లీబిడ్డల రక్షణ కార్డు, వాడుతున్న మందులు, పాల డబ్బా ఫొటో. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, ఎన్ని వాంతులు, విరేచనాలు అయ్యాయి, జ్వరం ఎంత ఉందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది వీటి గురించే.