1927లో ఏం జరిగింది?

క్లాసులో ఈ ప్రశ్న వేశాను. అందరిదీ ఒకటే జవాబు: సైమన్ కమిషన్. తప్పు కాదు, నవంబరులో వేశారు.

అదే ఏడాది మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరిదని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అయినా సవర్ణులు మనవాళ్లను కొట్టారు. పేడ, పంచితం పోసి చెరువును 'శుద్ధి' చేశారు. డిసెంబరు 25న అక్కడే మనుస్మృతి తగలబడింది. తీర్మానం పెట్టింది బ్రాహ్మణుడైన సహస్రబుద్ధే. సభకు జాగా ఇచ్చింది ఫత్తేఖాన్ అనే ముస్లిం. ఆ నీళ్ల మీద హక్కును హైకోర్టు ఒప్పుకునేసరికి 1937 వచ్చింది.

కమిషన్‌లో ఒక్క భారతీయుడూ లేడని దేశానికి కోపం వచ్చింది. న్యాయమే. పశువులు తాగే చెరువులో మనిషికి నీళ్లు లేవన్న కోపం ఆ ఏటి చరిత్ర కాదా? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షలో రెండూ రాయండి.

జై భీమ్.