మెసియే పట్టికలో 102వ నీహారిక: ఒక పాఠనిర్ణయ సమస్య

లేఖకుని హస్తదోషం వల్ల పాఠం మారిపోవడం తాళపత్ర ప్రతులతో పరిచయమున్నవారికి కొత్త కాదు. అటువంటి సమస్య అచ్చయిన ఖగోళ పట్టికలోనూ ఒకటి ఉంది. డ్రాకో నక్షత్రరాశిలో, సుమారు 5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఎన్.జి.సి. 5866 అనే కటకాకార గెలాక్సీని మొదట కనుగొన్నదెవరన్న ప్రశ్న, చివరకు ఒక గ్రీకు అక్షరాన్ని ఎలా చదవాలన్న ప్రశ్నగా తేలుతుంది.

తోకచుక్కలని భ్రమింపజేసే మసక వస్తువులకు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు షార్ల్ మెసియే ఒక పట్టిక కూర్చాడు. 1781లో వెలువడిన కూర్పులో 102వ అంశం అతని సహచరుడు పియెర్ మెషెన్ చూసినది. దానికి స్థానాంకాలు లేవు. ఒమిక్రాన్ బూటిస్, అయోటా డ్రాకోనిస్ నక్షత్రాల నడుమనున్న మసక నీహారిక అన్న వర్ణన మాత్రమే ఉంది. ఆ రెండింటి ఎడం దాదాపు 40 డిగ్రీలు. స్థాననిర్దేశానికి అది ఉపకరించదు. గ్రీకు లిపిలో ఒమిక్రాన్ ఒక వలయం. అదే వలయంలో అడ్డగీత ఉంటే థీటా. గీత లోపించిందని భావించి థీటా అని సవరిస్తే, వర్ణన ఎన్.జి.సి. 5866 పరిసరాలకు చేరుతుంది.

ఈ సవరణకు ప్రబలమైన ఆక్షేపం మెషెన్ మాటే. 102వది పొరపాటని, 101వ నీహారికే రెండుసార్లు లెక్కకు వచ్చిందని అతడు 1783లో బెర్లిన్‌లోని బెర్నూలీకి లేఖ రాశాడు. 1947లో హెలెన్ సాయర్ హాగ్ కృషి వల్ల ఈ లేఖ మళ్లీ వెలుగులోకి వచ్చింది. కర్తృవచనం ప్రమాణమైతే వివాదం అంతటితో ముగియాలి. కాని 101వ నీహారిక థీటా, అయోటాల నడుమ లేదు. ఒమిక్రాన్ పాఠాన్ని నిలిపినా అది వాటి మధ్యకు రాదు. అంటే ఉపసంహరణ వర్ణనను సమర్థించదు. వర్ణన ఉపసంహరణను రద్దు చేయదు.

1788లో విలియం హెర్షెల్ ఈ గెలాక్సీని చూసి నమోదు చేశాడు. ఆ నమోదుపై ఇటువంటి సందేహం లేదు. అయితే తాము చూస్తున్నది గెలాక్సీ అని వారిద్దరికీ తెలియదు. సర్పిల భుజాలు లేని బిళ్ల, నడుమ ఉబ్బు గల ఈ తరగతికి ఎడ్విన్ హబుల్ తన వర్గీకరణలో చోటు కల్పించినది 1936లో.

కనుక నిశ్చితమైన తొలి నమోదు హెర్షెల్‌ది. తొలి దర్శనం మెషెన్‌ది కావడం సంభావ్యం. పరిష్కర్త సవరణను మూలంలో కలపక అధోజ్ఞాపికలో చూపినట్లే, ఇక్కడ రెండు పేర్లనూ వాటి ప్రమాణబలంతో వేర్వేరుగా నిలపడమే సమంజసం.