యంత్రములకు కావలి



నేటి ప్రసంగ విషయము పేరునకు కొత్తది. మూలమున మన పల్లెలకు మిక్కిలి పాతది. రాత్రివేళ కఱ్ఱ తట్టుచు వీథులు తిరిగిన తలారిని మీలో పెద్దలందఱు నెఱుగుదురు. జొన్నచేలలో మంచె నెక్కి వడిసెల పట్టిన కావలివానిని నెఱుగుదురు. ఆ తలారి పనిని, ఆ మంచె పనిని కంప్యూటర్ల విషయమున చేయు సాఫ్టువేరు నేడు కలదు. ఒక యంత్రము తన పని తాను చేయుచున్నదా, ఆగిపోయినదా యని కనిపెట్టి, ఆగినచో సంబంధించిన వారికి తక్షణము తెలుపుట దాని ధర్మము. అది యెట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, దానితో మనకేమి పని యను మూడు మాటలు చెప్పుదును. నేను బడిపంతులును, కంప్యూటరు శాస్త్రజ్ఞుడను గాను. శిష్యుల నడిగియు, చదివియు గ్రహించినంత మాత్రమే మీ ముందుంచెదను.

ఈ విషయమున నాకు శ్రద్ధ కలుగుటకు ఒక సంఘటన కారణము. కొన్నేండ్ల క్రిందట మా ప్రాంతమున వృద్ధులకు పింఛను పంచు దినమున వేలిముద్ర యంత్రము పనిచేయలేదు. అది యే కార్యాలయమో చెప్పుట నా యుద్దేశము గాదు. ఉదయమే వచ్చిన ముసలివారు వేపచెట్టు క్రింద కూర్చుండిరి. అక్కడి గుమాస్తా “సర్వరు డౌన్ అయినది, రేపు రండి” అనెను. మఱునాడును అదే మాట. ఎనుబదియేండ్లు దాటిన అవ్వ యొకతె రెండు మైళ్లు నడచి వచ్చి, రెండు మైళ్లు నడచి పోయెను. ఇట్లు మూడు దినములు. మూడవనాడు పైసలు చేతబడిన పిమ్మట నేను విచారింపగా తెలిసినదేమనగా, యంత్రము మొదటినాటి ప్రాతఃకాలముననే ఆగినది. దానిని బాగుచేయవలసిన వారికి ఆ వార్త రెండవనాటి రాత్రి గాని చేరలేదు. బాగుచేయుటకు పట్టినది అరగంట. తెలియుటకు పట్టినది రెండు దినములు. ఆ అవ్వ నడచిన పన్నెండు మైళ్లలో ఎనిమిది మైళ్లు ఊరక నడచినవే గదా యని నాకు మిక్కిలి పరితాపము కలిగెను.

పిమ్మట కొంతకాలమునకు నా భార్య చికిత్సకై హైదరాబాదు పంజాగుట్టలో కొన్ని వారములు ఉండవలసి వచ్చెను. పంజాగుట్టకు ఆనుకొనియే అమీర్‌పేట. అచ్చట మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవ్ అను భవనముల చుట్టును సాఫ్టువేరు శిక్షణాలయములు కిక్కిరిసి యున్నవి. 1990 దరిదాపుల నుండి పదేండ్ల కాలములో ఈ విద్య యచ్చట వేళ్లూనినది. ఆ దశాబ్దము చివర 2000 సంవత్సరపు సమస్య వచ్చెను; పాత కంప్యూటర్లలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసియుండుటచే, కొత్త శతాబ్దమును అవి తప్పుగా గ్రహించునను భయము లోకమంతట పుట్టినది. వానిని సవరించుటకు మనుష్యులు కావలసి రాగా, మన పల్లెల పిల్లలు గుంపులుగా అమీర్‌పేట చేరి, చదివి, సముద్రములు దాటిరి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మీదట నగరముననే ఉద్యోగములు పెరిగెను. 2017లో మెట్రో రైలు వచ్చి అమీర్‌పేటను రెండు మార్గముల కూడలి చేసినది. పక్కనున్న ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో నేటికిని వరంగల్లు, ఖమ్మము, కర్నూలు, శ్రీకాకుళము పిల్లలు ఒకే గదిలో నలుగురేసి యుండి చదువుచున్నారు.

అందు నా పూర్వశిష్యుడొకడు ఇప్పుడు పాఠములు చెప్పుచున్నాడు. వానికి మా యూరి పింఛను కథ చెప్పితిని. వాడు విని, “పంతులుగారూ, నేను చెప్పు పాఠమే అది. యంత్రము ఆగుట తప్పు గాదు. ఆగినట్లు తెలియకుండుట తప్పు” అనెను. “అట్లయిన ఆ పాఠము నాకును చెప్పు, నాయనా” యని కూర్చుంటిని.

అతడు చెప్పినది వినగా ఈ విద్య మన దేశమునకు పరాయిది కాదని తోచినది. గోలకొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు చఱచిన, దాదాపు కిలోమీటరు దూరమున పైనున్న బాలాహిసారులో వినబడును. గోదావరి వరద సంగతి చూడుడు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద ఈ హద్దులు 11.75, 13.75, 17.75 అడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నీరు 75.6 అడుగులకు ఎక్కినది. ఇందులో గమనింపదగినది యొకటి కలదు: కొలబద్ద యున్నంత మాత్రమున చాలదు, ఏ అంకెకు ఎవరు ఏమి చేయవలెనో ముందే నిర్ణయించి యుండవలెను. కంప్యూటరు కావలియందును ఇదియే ముఖ్య సూత్రము.

ఇక చరిత్ర. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనాలయమున మైక్ మ్యూస్ అను నతడు ‘పింగ్’ అను చిన్న ఉపకరణమును వ్రాసెను. జలాంతర్గాములను వెదకుటకు నీటిలోనికి పంపు ధ్వని తాకి మఱలి వచ్చునప్పటి చప్పుడే దానికి పేరైనది. ఒక కంప్యూటరు మఱియొక దానిని “ఉన్నావా?” యని అడుగును, అది “ఉన్నాను” అనును. జవాబు రానిచో ఏదో చెడినదని యెఱుగవలెను. చీకటిలో తలారి “ఎవరది?” యని కేక వేయుటకును దీనికిని భేదము లేదు.

కాని వేయి యిండ్ల ఊరిలో ప్రతి గడపను ఒక్కడే యెన్నిమార్లు తట్టగలడు? కావున ఆ తట్టుటను సాఫ్టువేరునకే అప్పగించిరి. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ అను అమెరికా యువకుడు ‘నెట్‌సెయింట్’ అను దానిని వ్రాసి లోకమునకు ఉచితముగా నిచ్చెను. పేరు విషయమున వివాదము రాగా 2002లో దానిని ‘నాగియోస్’ అని మార్చెను. 2001లో లాట్వియా దేశమున అలెక్సీ వ్లాదిషెవ్ వ్రాసిన ‘జాబిక్స్’ వెలువడినది. 2012లో జర్మనీలోని బెర్లిను నగరమున, పాటలు వినిపించు ఒక సంస్థలో ‘ప్రొమీథియస్’ అనునది మొదలై, 2016లో ఒక ఉమ్మడి సంస్థ ఆశ్రయమునకు చేరినది. అమీర్‌పేట బోర్డుల మీద నేను చదివిన పేర్లలో ఇవియు నున్నవి.

వీని పనితీరు వినుడు. నాగియోస్ ఒక్కొక్క సేవను నియమిత కాలమున కొకమాఱు పరీక్షించి నాలుగు మాటలలో ఒకటి చెప్పును: బాగున్నది, జాగ్రత్త, ప్రమాదము, తెలియదు. ఈ నాలుగవ మాట నాకు నచ్చినది. తెలియనప్పుడు తెలియదనుట మనుష్యులకే అరుదు. ఒక్కమాఱు జవాబు రానంతనే అది గోల చేయదు. మఱల మఱల అడిగి, అప్పటికిని రానిచోనే సందేశము పంపును. ఏలయన, పిలిచినవెంటనే పలుకనివాడెల్ల చచ్చినవాడు గాడు. సందేశము చేరినవాడు “చూచితిని” అని ఒప్పుకొనవలెను. ఒప్పుకొననిచో కొంతసేపటికి పై అధికారికి పోవును.

మఱియొక నేర్పు కలదు. వాగు మీది వంతెన కొట్టుకొనిపోయిన, ఆవలి పది ఊళ్ల నుండి కబురు రాదు. తెలివిగల తలారి “పది ఊళ్లు మునిగినవి” అనడు. “వంతెన తెగినది, ఆవలి సంగతి తెలియరాదు” అనును. నాగియోస్‌కు ఏది దేని వెనుక నున్నదో ముందు చెప్పి పెట్టినచో, అదియు నట్లే మూలకారణమును చూపును. ప్రొమీథియస్ మఱొక దారిని నడచును. అది అంకెలను క్షణక్షణమునకు తెచ్చి వ్రాసి పెట్టుకొనును. గోదావరి గంటకెంత పెరుగుచున్నదో చూచి రాత్రికి ఎంత యగునో చెప్పినట్లు, ఈ వేగముతో నిండినచో రేపు సాయంత్రమునకు స్థలము చాలదని ముందే చెప్పగలదు.

ఇంత చేసిన తరువాత ఒక ప్రశ్న మిగులును. కావలివాడే నిద్రించిన నేమగును? దీనికి చరిత్రలో పెద్ద దృష్టాంతము కలదు. 2003 ఆగస్టు 14వ తేదీ మధ్యాహ్నము 2 గంటలు దాటిన కొంతసేపటికి, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు విద్యుత్తు సంస్థ యొకదానిలో హెచ్చరికలు చేయు సాఫ్టువేరు, లోని దోషముచే నిలిచిపోయినది. నిలిచినట్లు ఎవరికిని తెలియలేదు. తెర మీద కొత్త హెచ్చరికలు లేకుండుట చూచి ఉద్యోగులు అంతయు క్షేమమనుకొనిరి. అదే సమయమున బయట వేడికి తీగలు సాగి చెట్లకు తగిలి, ఒకదాని వెనుక నొకటి తెగిపోవుచుండెను. సాయంత్రము 4 గంటలు దాటునప్పటికి అమెరికా ఈశాన్య భాగమునను, కెనడాలోని ఒంటారియోలోను దాదాపు 5 కోట్ల మంది చీకటిలో పడిరి. తీగలు తెగుట ఒక కీడు. గంట మ్రోగకుండుట అంతకు మించిన కీడు.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ సంస్థ కంప్యూటరు నిల్వలలో ఒక ఉద్యోగి ఆజ్ఞ యొకటి తప్పుగా కొట్టుటచే అనేక సేవలు ఆగెను. ఏ సేవ బాగున్నదో, ఏది ఆగినదో ప్రజలకు తెలుపు పలకయు ఆగిన నిల్వల మీదనే ఆధారపడియుండుటచే, దానిని కొంతసేపు మార్చలేకపోయిరి. దొంగలు పడిన యింటి లోపలనే తలారిని బంధించినట్లాయెను. కావుననే కావలిని వేఱొక చోట నుంచవలెననియు, ఆ కావలివాడు తాను మేల్కొని యున్నట్లు ఎప్పటికప్పుడు సంకేతము పంపుచుండవలెననియు నియమమేర్పడినది. ఆ సంకేతము ఆగుటయే హెచ్చరిక. ఈ రేడియో వినువారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱ లేదు. వేళకు వార్తలు రానిచో కేంద్రమునకేదో యైనదని మీరే యనుకొందురు గదా.

అతిగా మ్రోగుటయు దోషమే. పంజాగుట్ట ఆసుపత్రిలో నా భార్య మంచము పక్కన గుండె కొట్టుకొనుట చూపు యంత్రము మాటిమాటికి కూయుచుండెను. నేను ఉలికిపడి లేచుచుంటిని. నర్సమ్మ తల యెత్తకుండెను. ఒకనాటి రాత్రి కూత మాఱినది. నాకు భేదము తెలియలేదు. ఆమె మాత్రము పరుగున వచ్చెను. వేయి కూతలలో ఏది నిజమైనదో ఆ తల్లి చెవి ఎఱుగును. కాని ప్రతివారికి అట్టి చెవి యుండదు. ఊరక మ్రోగు గంటలను ముందు తగ్గించుమని నా శిష్యుడు తన పిల్లలకు మొదట చెప్పునట. లేనిచో నిద్రలేని కుఱ్ఱవాడు నూఱవ సందేశమును చూడక పోవును, అదే అసలైనదగును.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సాఫ్టువేరులో తప్పు రాగా, లోకమున దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయెను. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేవ్రాతతో చీటీలు వ్రాసి యిచ్చిరి. యంత్రము నిలిచినను కలము నిలువలేదు. యంత్రమునకు మాఱుగా చేయదగిన పనిని మఱువరాదని దీనివలన తెలియుచున్నది.

పెద్దలారా, మన రాష్ట్రమున 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చినవి. భూమి పత్రము, రేషను, పింఛను అన్నియు నేడు ఎక్కడనో నున్న కంప్యూటర్లను ఆశ్రయించి యున్నవి. వానిని మనము చూడజాలము; కాని మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఇది ఆగిన, బాగుచేయువారికి ఎంతలో తెలియును? వారికి తెలిసినట్లు మాకెట్లు తెలియును? బాగగువఱకు చేతితో చేయు దారి యేది? ఈ ప్రశ్నలు కోపముతో గాక మర్యాదతో అడుగుడు. గుమాస్తా తప్పు దీనిలో తఱచుగా ఉండదు. “రేపు రండి” యను మాటకు బదులు ఎన్నింటికి ఆగినదో, ఎవరికి తెలిపిరో ఒక పలక మీద వ్రాసి పెట్టుడనుడు. సుద్దముక్క ఖరీదు తప్ప దానికి వ్యయము లేదు.

ఒక్క మాట చెప్పి విరమించెదను. మీ యింటి పిల్లవాడో, పిల్లయో హైదరాబాదులో ఇట్టి కావలి ఉద్యోగము చేయుచుండవచ్చును. వారు రాత్రియంతయు తెర ముందు కూర్చుండి, పగలు నిద్రింతురు. ఏమియు జరుగనినాడు “ఏమి పని చేసితివి?” యని మనమే అడుగుదుము. ఊరిలో దొంగతనము లేని సంవత్సరమున తలారికి మేర కొలుచుట మన పూర్వులు మానలేదు. ఏమియు జరుగకుండుటయే వారు చేసిన పని. మా యూరి అవ్వ ఇప్పుడు లేదు. ఆమె నడచిన ఆ ఎనిమిది మైళ్లు మఱియొకరు నడువకుండుటకై ఎవరో ఒక పిల్లవాడు ఈ రాత్రి మేల్కొని యుండునని తలచి నేను సంతసించుచున్నాను.

సెలవు.