బ్రేకు పిన్ను, బెజవాడ షెడ్డు

బస్సు, లారీ, టాక్సీ రోడ్డెక్కాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలని 1939 నాటి మోటారు వాహనాల చట్టం నిబంధన పెట్టింది. సొంతానికి వాడుకునే మోటారు సైకిలుకు అలాంటి ఏటేటా తనిఖీ లేదు. 1988లో వచ్చిన కొత్త చట్టం కూడా రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు గడువిచ్చి, ఆపైన 5 ఏళ్లకోసారి పొడిగించుకోమంది. మధ్యలో అడిగే పొల్యూషన్ సర్టిఫికెట్ పొగను చూస్తుందే తప్ప బ్రేకు జోలికి పోదు. కొన్ననాటి నుంచి పదిహేనో ఏడు దాకా ఆ బండి సరిగ్గా ఆగుతోందా అని వరసగా చూసే బాధ్యత ఏ ఆఫీసుకూ లేదు. అయినా కృష్ణా డెల్టాలో పాత బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు, జావాలు కాలువ గట్ల మీద, బందరు రోడ్డు రద్దీలో దశాబ్దాల పాటు తిరిగాయి. వాటిని ఆగేలా ఉంచింది షెడ్డు మెకానిక్. విజయవాడ మోటారు చరిత్ర చెప్పేటప్పుడు లారీ బాడీల గురించీ, ట్రాన్స్‌పోర్టు కంపెనీల గురించీ గొప్పగా చెప్పుకుంటాం. బ్రేకు డ్రమ్ము విప్పి పిన్నుకు పట్టిన తుప్పు గీకిన పనిని మాత్రం లెక్కలోకి తీసుకోం. నిజానికి ఈ ఊరి మోటారు విద్యకు అసలు పరీక్ష అక్కడే జరిగింది.

ఆ పని ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే డ్రమ్ములోకి చూడాలి. పెడల్ తొక్కితే రాడ్డు కదిలి క్యామ్‌ను తిప్పుతుంది. క్యామ్ రెండు షూలను విడదీసి డ్రమ్ముకు ఒత్తుతుంది. షూల రెండో చివర పివట్ పిన్ను మీద ఉంటుంది, కాలు తీయగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. పిన్నుకూ షూకూ మధ్య, క్యామ్‌కూ దాని రంధ్రానికీ మధ్య ఉండేది సన్నని సందు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ సందు పూడిపోతుంది. అప్పుడు బ్రేకు బిగుసుకుంటుంది. తొక్కితే సరిగ్గా పడకపోవడం ఒక ప్రమాదం. పడిన బ్రేకు వదలకుండా పట్టేసి, డ్రమ్ము కాగిపోయి, లైనింగు అరిగిపోవడం ఇంకొకటి. డెల్టాలో ఈ రెండింటికీ కారణాలు కావలసినన్ని. దమ్ము చేసిన చేల నుంచి రోడ్డు మీదికి వచ్చే బురద, కాలువ గట్ల తేమ, అవనిగడ్డ, నాగాయలంక వైపు ఉప్పు గాలి. పాత బుల్లెట్‌కు బ్రేకు పెడల్ ఎడమ వైపున, నేలకు దగ్గరగా ఉంటుంది, చక్రం చిమ్మిన బురదంతా దాని ఇరుసు మీదే పడుతుంది.

మందు అందరికీ తెలిసిందే, చేసేటప్పుడే తేడా వస్తుంది. చక్రం దించి, స్ప్రింగులు తీసి, షూలు ఊడదీసి, పిన్నునూ క్యామ్‌నూ కిరోసిన్‌లో నానబెట్టాలి. వైరు బ్రష్‌తో పైపొర రాల్చి, సన్న ఎమ్రీ కాగితంతో మెరుగు వచ్చేదాకా రుద్దాలి. ఎక్కువ రుద్దితే పిన్ను సన్నబడి షూ ఆడుతుంది. తడి పూర్తిగా తుడిచాక గ్రీజు పల్చగా పూయాలి. చెయ్యి కాస్త జారి ఎక్కువైతే డ్రమ్ము వేడికి గ్రీజు కరిగి లైనింగు మీదికి పాకుతుంది, బాగుచేసిన బ్రేకే పట్టకుండా పోతుంది. ఎంత పూయాలో తెలియడం కంటే ఎక్కడ ఆపాలో తెలియడం పెద్ద విద్య.

ఈ విద్య మోటారుతో మొదలవలేదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం, మసి కలిపిన కందెన వేయడం డెల్టా రైతుకు పాత అలవాటు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక, నీళ్లలో నానే ఇనుప తలుపులను కదిలేలా ఉంచడం ఏటేటా చేసే పనైంది. తర్వాత రైళ్లు, రైసు మిల్లులు, బస్సులు వచ్చాయి. 1958 నాటికి కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సుల వ్యాపారం ఎంత వేళ్లూనుకుందంటే, రూట్లను జాతీయం చేయబోయిన ఆర్టీసీ మీద గుళ్లపల్లి నాగేశ్వరరావు, ఇతర ఆపరేటర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. విచారణ జరిపిన అధికారి ఒకరు, తీర్పు చెప్పిన మంత్రి మరొకరు అయితే అది విచారణ కాదని కోర్టు ఆ ఏడాది చెప్పిన మాట ఇప్పటికీ న్యాయశాస్త్ర పాఠం. 1957లో ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు తెరుచుకుంది. 1960ల్లో పటమట పక్కన జవహర్ ఆటోనగర్ వెలిసింది. 1955 నుంచి మద్రాసులో బుల్లెట్, 1961 నుంచి మైసూరులో జావా తయారవుతుండగా వాటిని చూసుకునే చేతులు ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి.

ఈ ఊరి మోటారు విద్య డెల్టా నీళ్లలో పుట్టిందనే వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. విజయవాడను మోటారు ఊరుగా చేసింది నీళ్లూ తుప్పూ కాదు, మద్రాసు–కలకత్తా రహదారి, హైదరాబాదు–బందరు రహదారి ఇక్కడ కలవడమే అంటారు. కూడలి బండ్లను తెచ్చిందన్నది నిజం. అయితే కూడలిలో ఆగే లారీ డ్రైవరుకు కావలసింది రెండు గంటల్లో తెమిలే పని, స్పేరు పార్టు మార్చి పంపితే సరిపోతుంది. పల్లెటూరి బుల్లెట్ యజమాని అలా కాదు. పార్టు దొరకక, దొరికినా కొనలేక, ఉన్నదాన్నే శుభ్రం చేసి ఇమ్మని వస్తాడు, వచ్చే వానాకాలంలో మళ్లీ వస్తాడు. మార్చడం కూడలి నేర్పింది, బాగుచేయడం డెల్టా నేర్పింది. 1985లో హీరో హోండా వచ్చి కంపెనీ సర్వీసును ఊరూరా పరిచయం చేశాక షెడ్డు అవసరం తీరిందనే మాటకూ ఇదే జవాబు. ఫ్రీ సర్వీసులు కొత్త బండికి. తుప్పు పాత బండికి.

షెడ్లలో అంతా సవ్యంగా జరిగిందని నేను అనను. కాలిన ఇంజిన్ ఆయిల్ చుక్కలు పోసి గ్రీజింగ్ అయిందన్న చోట్లూ ఉన్నాయి. ఆ ఆయిల్ నిలవదు, లైనింగు మీదికే పోతుంది. చెయ్యి నేర్పే గురువు దొరికిన కుర్రాడికి ఈ తేడా తెలిసింది, దొరకనివాడికి తెలియలేదు. అది నేర్పు కొరత. దాన్ని చూపించి వృత్తినే కొట్టిపారేయడం అన్యాయం, ఎందుకంటే ఆ వృత్తికి మూల్యం చెల్లించింది ఆ మెకానిక్‌లే. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పినప్పుడల్లా ఆ దుమ్మును నోటితో ఊది, గాలి కొట్టి దులిపారు. అది ఊపిరితిత్తులను తినేస్తుందని చెప్పి, ముక్కుకు గుడ్డైనా కట్టుకోమనాల్సిన బాధ్యత ఆ బ్రేకుల మీద ప్రయాణం చేసిన సమాజానిది. మనం ఆ బాధ్యత తీసుకోలేదు.

డిస్కు బ్రేకులు వచ్చాయి, 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది, ఇక పివట్ పిన్ను గొడవ ఎందుకని అడగవచ్చు. అదే నిబంధన 125 సీసీ వరకు ఉన్న బండ్లకు రెండు చక్రాల బ్రేకులనూ కలిపే సీబీఎస్ చాలంది. పల్లెల్లో ఎక్కువగా తిరిగేవి ఈ చిన్న బండ్లే. వాటిలో చాలా వాటికి ఇప్పటికీ ఉన్నది డ్రమ్మే, డ్రమ్ములో ఉన్నది అదే క్యామ్, అదే పిన్ను. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బుడమేరు వాగు పొంగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ వీధులు మునిగాయి. ఇంటి ముందు నిలిపిన బండ్లు రోజుల తరబడి బురద నీళ్లలో నానాయి. ఇలాంటప్పుడు ముందు ఇంజిన్ విప్పిస్తారు, అది లేకపోతే బండి కదలదు కనుక. బ్రేకు ఆ వారం పనిచేస్తూనే కనిపిస్తుంది, తుప్పు లోపల తన పని తాను చేసుకుపోతుంది. మునిగిన బండికి డ్రమ్ము విప్పి చూడటాన్నీ, 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు బ్రేకు తనిఖీనీ ఆటోనగర్‌లో శిక్షణ పొందిన షెడ్లకే అప్పగించి, వాళ్ల సంతకానికి రవాణా శాఖ గుర్తింపు ఇవ్వాలి. ఇన్నేళ్లు జీతం లేకుండా చేసిన తనిఖీని ఇప్పుడు రికార్డులోకి ఎక్కించడం కష్టమైన పని కాదు.