పెరాస్ట్‌లో పాతిపెట్టిన జెండా

క్రూజ్ టూర్ల మీద నాకు పెద్దగా గౌరవం లేదు. పొద్దున్న ఎనిమిదింటికి దింపుతారు, సాయంత్రం ఐదింటికల్లా ఓడెక్కమంటారు. ఆ మధ్యలో ఓ ఊరిని "చూసేయాలి". కానీ నాన్నకి మోకాళ్ళ నొప్పులు, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ తిరిగే ప్రయాణం ఆయన వల్ల కాదు. అలా ఏడ్రియాటిక్ ఒడ్డున, మాంటెనీగ్రోలోని కోటోర్‌లో మాకు సరిగ్గా ఒక్క పగలు దొరికింది.

ఊరి వెనక కొండ మీద కోట. ఎక్కాలంటే దాదాపు 1,350 మెట్లు. నాన్న కిందనుంచే దండం పెట్టేశారు. సరే అని 1555లో కట్టిన సముద్రద్వారం దగ్గర నిలబడ్డాం. ఓ పక్క రాతిలో చెక్కిన వెనిస్ వాళ్ళ రెక్కల సింహం. గుమ్మం మీద 21-11-1944 అన్న తేదీ, అంటే నాజీల నుంచి ఊరు విడుదలైన రోజు. నాన్న రెండూ చూసి, "ఇంతకీ ఈ ఊరు ఎవరిదిరా?" అన్నారు.

ఈజీ ప్రశ్నే అనుకున్నాను. కాదు.

1420లో తురకల భయంతో కోటోర్ తనంతట తానే వెనిస్ నీడలో చేరింది. (సుమారు ఆ రోజుల్లోనే నికోలో కాంటి అనే వెనిస్ వర్తకుడు మన విజయనగరం చూసి వెళ్ళాడు.) 1797 దాకా, అంటే 377 ఏళ్ళు వెనిస్ ఏలుబడి. ఆ తర్వాత ఆస్ట్రియా, మధ్యలో కొన్నాళ్ళు రష్యా, ఫ్రాన్సు, మళ్ళీ ఆస్ట్రియా. 1910లో ఇక్కడ పుట్టి, గుమ్మం దాటకుండా నిండు నూరేళ్ళు బతికిన మనిషిని ఊహించుకోండి. పుట్టింది ఆస్ట్రియా-హంగరీలో. 1918 తర్వాత యుగోస్లావియా. 1941లో ఇటలీ, 1943లో జర్మన్లు, యుద్ధం అయ్యాక మళ్ళీ యుగోస్లావియా, 2003లో సెర్బియా-మాంటెనీగ్రో, 2006లో ఒట్టి మాంటెనీగ్రో. ఇల్లు మారలేదు, దేశాలే మారాయి.

అక్కడినుంచి బస్సులో పెరాస్ట్ వెళ్ళాం. ఒకే వీధి, నీళ్ళ అంచున రాతి మేడలు. ఒకప్పుడు ఓడ కెప్టెన్ల ఊరు. రష్యా జార్ పీటర్ ది గ్రేట్ తన కులీనుల పిల్లల్ని నావికవిద్య కోసం ఇక్కడికి పంపించాడు. యుద్ధంలో వెనిస్ జెండాకి కాపలా ఉండే గౌరవం ఈ ఊరివాళ్ళదే.

ఇక అసలు కథ. 1797 మే 12న నెపోలియన్ ధాటికి భయపడి వెనిస్ మహాసభ తనని తానే రద్దు చేసుకుంది. రాజధానే చేతులెత్తేసింది! పెరాస్ట్ మాత్రం ఆ జెండాని దించలేదు. ఆగస్టు 23న, ఆస్ట్రియన్లు వచ్చేశాక, ఊరంతా చేరి ఆ జెండాని కన్నీళ్ళతో చర్చి పీఠం కింద పాతిపెట్టారని చెబుతారు.

ఇదంతా ఒట్టి సెంటిమెంటు అనుకోకండి. వెనిస్ వీళ్ళకి వ్యాపారంలో పన్ను రాయితీలిచ్చింది. అదే అఖాతం ముఖద్వారంలో ఉన్న హెర్సెగ్ నోవి 1687 దాకా తురకల చేతిలో ఉండేది, 1654లో వాళ్ళు పెరాస్ట్ మీదికి దండెత్తి ఓడిపోయారు కూడా. విధేయతకి లెక్కలున్నాయి. కానీ లెక్కలు చెల్లిపోయాక కూడా ఏడ్చారే, అదీ నన్ను ఆపేసింది.

ఎందుకంటే... నాన్న పుట్టింది 1948లో, తెనాలి దగ్గర. అప్పుడది మద్రాసు. 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. నేను ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి స్థిరపడ్డాను. 2014 జూన్ 2న తండ్రీకొడుకులం రెండు రాష్ట్రాల వాళ్ళమయ్యాం. ఆ పొద్దున్న ఫోన్లో నేను తెలివిగా, "సర్వర్ మారిస్తే డేటా పోతుందా నాన్నా, ఎందుకంత బాధ?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. వారం మాట్లాడలేదు. మా ఆఫీసులో అదే రోజు స్వీట్లు పంచారు. ఆ సంతోషానికి దశాబ్దాల కారణాలున్నాయి, అదీ నిజమే. కానీ ఒకరి పండగ నిజమైనంత మాత్రాన ఇంకొకరి దిగులు అబద్ధమైపోదు. ఆ ముక్క అర్థం కావడానికి నాకు ఇంత దూరం రావాల్సొచ్చింది.

పెరాస్ట్ వాళ్ళలో నాకు నచ్చింది ఇంకోటుంది. వాళ్ళు ఆ జెండాని తగలబెట్టలేదు, పట్టుకుని ఊరేగుతూనూ ఉండిపోలేదు. మర్యాదగా పాతిపెట్టి, మర్నాడు పనుల్లోకి వెళ్ళారు. చరిత్రతో అలా ఉండగలగడం చాలా కష్టం అని నా అభిప్రాయం.

ఊరికెదురుగా నీళ్ళలో ఒక చిన్న దీవి ఉంది, మనుషులు కట్టినది. పాత ఓడల్ని రాళ్ళతో ముంచి, తరతరాలుగా రాళ్ళు వేసుకుంటూ వచ్చారు. ఇప్పటికీ ఏటా జులై 22 సాయంత్రం పడవల్లో వెళ్ళి రాళ్ళు వేస్తారు. ఎవరు ఏలినా ఆ పని ఆగలేదు.

ఒడ్డున బల్ల మీద కూర్చుని ఇదంతా నాన్నకి చెప్పాను. చాలాసేపు దీవి వైపే చూశారు. "అయితే ఊరు రాళ్ళు వేసేవాళ్ళదేలే" అన్నారు. తర్వాత, "ఆ రోజు నేను ఫోన్ పెట్టేసి ఉండాల్సింది కాదురా" అన్నారు.

నేను అనాల్సిన మాట ఆయన అనేశారు. ఓడ ఐదింటికి. ఇద్దరం మెల్లిగా బస్సు దగ్గరికి నడిచాం.