ఏటికి ఎదురుగా

నాగాయలంక దాటి ఏటిమొగ రేవుకొచ్చేసరికి రోడ్డు అయిపోతుంది. అవతలి గట్టున కనిపించేదే మా ఎదురుమొండి. కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి దివిసీమను ఒళ్లో పెట్టుకుంది. సముద్రం దగ్గరపడేకొద్దీ ఇంకా చీలి నాచుగుంట, ఈలచెట్లదిబ్బ, ఎదురుమొండి అంటూ మమ్మల్ని తలో దిబ్బ మీద వదిలేసింది. పేరులో ఎదురూ మొండీ రెండూ ఉన్నాయని అవనిగడ్డ చుట్టాలు ఆటపట్టిస్తారు. ఏటికి ఎదురుగా కాపురం పెట్టినవాళ్లకి ఆ మాత్రం మొండితనం లేకపోతే ఎలా?

ఊళ్లో ఏం చూడాలని అడిగినవాళ్లకి ముందు రేవే చూపిస్తాను. పంటంటే పడవల మీద బల్లలు పరిచి బిగించినది. మోటారు సైకిళ్లు, ధాన్యం బస్తాలు, గ్యాస్ బండలు, రొయ్యల పెట్టెలు, పెళ్లివారు, పాడిగేదె, అందరికీ అదే దారి. పోటు మీదుంటే పంటు గట్టుకి ఆనుతుంది. పాటులో దూరంగానే బురదకి తగిలి ఆగిపోతుంది. ఇక చెప్పులు చేతబట్టుకుని దిగాల్సిందే. అమావాస్యకీ పౌర్ణమికీ పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. మా అమ్మ ప్రయాణానికి ముందు పంచాంగం తీసేది వర్జ్యం కోసం కాదు, నీళ్ల కోసం.

చీకటిపడ్డాక పంటు కట్టేస్తారు. మా చెల్లెలికి నొప్పులొచ్చిన రాత్రి చేపల నావలో చాప పరిచి దాటించాం. టార్చి పట్టుకున్నది నేనే. పడవ నడిపే ఆయన ఆ వెలుగు కళ్లల్లో కొడుతోంది, ఆర్పెయ్యమన్నాడు. పాయ మలుపు ఆయనకి చీకట్లోనే తెలుసు. మా ఇంట్లో ఆ తరవాత ఎవరికి నెలలు నిండుతున్నా ముందే అవతలి గట్టున చుట్టాలింటికి పంపేస్తున్నాం. వంతెన మాట ఎన్నికలప్పుడల్లా వస్తుంది, పంటెక్కి వెళ్లిపోతుంది.

ఊరి వెనక మడ అడవి. తిల్లచెట్టు కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని చిన్నప్పుడే బెదిరించేవారు. అది నిజమే. ఆ బురదలోనే మండపీతలు, బావురుపిల్లులు. రొయ్యల చెరువుల మోజులో తీరం పొడుగునా మడ కొట్టేస్తుంటే పెద్దవాళ్లు గొణిగేవారు. ఉప్పెన తాకిడిని కాస్తయినా విరిచేది ఆ చెట్లేనని వాళ్లకి తెలుసు.

ఉప్పెన అంటే మాకు ఒక్కటే. 1977 నవంబర్ 19, శనివారం. లెక్కకెక్కిన చావులే దాదాపు 10,000. సముద్రం తాటిచెట్టు నడుముదాకా లేచి వచ్చిందనేవాడు మా నాన్న. ఆ తరవాత ఈ తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి. మామూలు రోజుల్లో షెల్టరంటే మాకు ధాన్యం ఆరబోసుకునే డాబా, పెళ్లివారి విడిది.

నాన్న మాత్రం ఇంటి చూరులో ఎప్పుడూ ఒక మోకు దోపి ఉంచేవాడు. చెట్టుకి కట్టుకున్నవాళ్లే మిగిలార్రా అనేవాడు. మేం స్లాబు వేయించాక చూరు పోయింది. మోకు మెట్ల కింద ఉంది.